కాకిపిల్ల కాకికి ముద్దు

రాసినవాడికి తన వ్యాసమే గొప్పగా కనబడుతుంది. కాకిపిల్ల కాకికి ముద్దు కదా! కాని వాదన ఉన్న వ్యాసానికి ఆ ముద్దు పనికిరాదు. మనతో ఏకీభవించనివాడి చేతిలో పడినప్పుడే దాని సత్తువ ఏపాటిదో తేలుతుంది.

ఈ ఏడు వ్యాసరచన పోటీకి నేను ఎన్నుకున్న విషయం ‘ఉన్నత విద్యలో బోధనాభాష తెలుగే కావాలి’. పల్లెటూరి బడిలో తెలుగులో చదువుకుని వచ్చినవాణ్ణి. కనుక ఇది నాకు ఉత్త పోటీ కాదు, బతుకు సంగతి. అందుకే మేష్టారి చేతికి ఇచ్చేముందు రెండు రోజులు పెట్టెలో పడేసి, తరువాత పరాయివాడి వ్యాసంలా తీసి చదివాను. మూడు ప్రశ్నలు వేసుకున్నాను.

మొదటిది: నా వాదన ఒక్క వాక్యంలో చెప్పగలనా? ‘తెలుగు తియ్యనిది’ అనడం అభిమానమే గాని వాదన కాదు. ‘తెలిసిన భాషలో చెప్పిన పాఠమే బాగా బుర్రకెక్కుతుంది, కనుక తెలుగులో చెప్పాలి’ అంటే వాదన. కాదనడానికి ఎవరికైనా వీలుండాలి. అప్పుడే అది వాదన.

రెండవది: నా సాక్ష్యం నిజంగా ఏం చెబుతోంది? 1918లో నెలకొన్న ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఉర్దూలో బోధించారు. అందుకోసం అనువాదాలకు ప్రత్యేకంగా ఒక శాఖనే పెట్టి పుస్తకాలు తయారుచేయించారు. మన దేశభాష పెద్ద చదువులకు చాలుతుందనడానికి ఇది మంచి నిదర్శనం. కాని ఆనాటి హైదరాబాదు రాజ్యంలో ఎక్కువమంది మాతృభాష ఉర్దూ కాదు. తెలుగు, మరాఠీ, కన్నడం. కాబట్టి మాతృభాషా బోధనకు అది రుజువు కాదు. సాక్ష్యాన్ని దాని హద్దులోనే నిలబెట్టాలి.

మూడవది: ఎదుటివాడి మాట వాడు ఒప్పుకునేలా రాశానా? హాస్టల్లో నా రూమ్మేటు ఇంగ్లీషు పక్షం. “ఒరేయ్, ఇంగ్లీషు రాక మా నాన్న ఆఫీసుల్లో చేతులు కట్టుకు నిలబడ్డాడు. నన్నూ అలాగే నిలబడమంటావా?” అన్నాడోసారి. ఎంత మాట! దీన్ని ‘పరభాషా వ్యామోహం’ అని ఈసడించి దాటెయ్యడం న్యాయమేనా? వాడి ప్రశ్నను వాడి మాటల్లోనే వ్యాసంలో పెట్టాను. ఇంగ్లీషు భాషగా అందరికీ బాగా నేర్పాలి, పాఠం తెలుగులో చెప్పాలి, ఈ రెండూ పగవి కావని జవాబు రాశాను. వ్యావహారిక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారు కూడా, ప్రతిపక్షులు గౌరవించే పూర్వగ్రంథాల్లోంచే ఉదాహరణలు ఏరి వారి ముందు పెట్టారు. ఎదుటివాడి ఇంటికి వెళ్ళి వాదించడమంటే అదే!

ఒత్తులూ దీర్ఘాలూ దిద్దుకోవడం ఈ మూడూ అయ్యాకనే. కొట్టేయబోయే వాక్యానికి ముందే నగలు పెట్టడం దండగ.

చివరకు వ్యాసం రూమ్మేటు చేతికిచ్చాను. చదివి, “నీతో ఒప్పుకోను గాని, నా మాట మాత్రం సరిగ్గా రాశావురా” అన్నాడు. మిత్రులారా, బహుమతి సంగతి న్యాయనిర్ణేతలు చూసుకుంటారు. ఎదుటి పక్షంవాడు ఇచ్చిన ఈ కితాబు చాలు, కాగితాలు ధైర్యంగా చేతికివ్వడానికి!