ఒకే తాడుకు ఇద్దరం

లేహ్ నుంచి ఖర్దుంగ్ లా ఎక్కి నుబ్రా లోయలోకి దిగేదాకా బండిలో పాటలు ఆగలేదు. సియాచిన్ బేస్ క్యాంపు చేరాక ఎవరూ పాడలేదు. దాదాపు 12,000 అడుగుల ఎత్తు అది. ఆ గాలి ఒంటికి పట్టేదాకా ఉండి, మంచుమీద నడవడం, పగుళ్లలో పడ్డవాణ్ని తాడుతో పైకి లాగడం నేర్చుకున్నాం. బయల్దేరేముందు, అక్కడి జవాన్లు తమను కాపాడతాడని నమ్మే ఓపీ బాబా గుడి దగ్గర రిపోర్ట్ ఇచ్చాం. తిరిగొచ్చాకా ఇవ్వాలి. 1984లో ఆపరేషన్ మేఘదూత్‌తో సైన్యం ఇక్కడికి వచ్చిన దగ్గర్నుంచి తూటాలకన్నా చలీ, ఎత్తూ, మంచుచరియలే ఎక్కువమందిని పొట్టన పెట్టుకున్నాయి.

ఎండెక్కితే పగుళ్లమీది మంచు మెత్తబడుతుంది కాబట్టి పైనున్న మా పోస్టుకు చీకట్లోనే నడిచాం. తాడుమీద నా ముందున్నది కర్నూలు జిల్లా హవల్దారు. నాది శ్రీకాకుళం. తెలుగు మాట్లాడే తోడు దొరికిందని సంబరపడ్డాను.

పైన ఫైబర్‌గ్లాస్ గుడిసెలో మా పడకలు పక్కపక్కనే. నారింజపండు పగలాలంటే సుత్తి కావాలి. వట్టి చేత్తో తుపాకీ ఇనుము ముట్టుకుంటే చర్మం అంటుకుపోతుంది. ఆకలి ఉండదు, నిద్ర రాదు. కొన్నాళ్లకే ఆయన దగ్గు వింటే నాకు ఒళ్లు మండేది, నా అడుగుల చప్పుడు ఆయనకు గిట్టేది కాదు.

తగువు గోడకున్న కంత దగ్గర మొదలైంది. గుడిసెను వెచ్చబరిచే కిరోసిన్ పొయ్యి, బుఖారీ, రాత్రంతా మండుతుంది. గాలి ఆడకపోతే దాని విషవాయువు నిద్రలోనే ప్రాణం తీస్తుంది. నేను కంత తెరిచేవాణ్ని, ఆయన లేచి మూసేవాడు.

“రేయ్, చలికి చస్తాండా. మూయి.”

“మూస్తే పొద్దుటికి ఇద్దరం లేవం అన్నా.”

ఆయన భయం వేరు. 2016 ఫిబ్రవరి 3న సోనమ్ పోస్టుమీద మంచుగోడ విరిగిపడి పదిమంది జవాన్లు కూరుకుపోయారు. వాళ్లలో ఒకరిది ఆయన జిల్లాయే. పైన ఎక్కడ మంచు చిట్లినా ఆయన దిగ్గున లేచి, మంచు తవ్వే వంతు నాది కాకపోయినా నన్ను తట్టిలేపి పార చేతికిచ్చేవాడు. నా భయం ఆయన వెచ్చదనాన్ని తింటే, ఆయన భయం నా నిద్రను తినేసింది. చివరికి మాటలు మానేశాం. టీ కాచి మగ్గు ఆయన పడక దగ్గర పెట్టేవాణ్ని, ఆయన నా సాక్సులు బుఖారీ పక్కన ఆరేసేవాడు. అంతవరకే.

దిగేటప్పుడూ ఒకే తాడు. ఒకచోట మంచు కుంగి నా కాలు తొడదాకా దిగబడింది. నేను కేక వేసేలోపే తాడు బిగిసింది. ఆయన అప్పటికే గొడ్డలి మంచులో దిగ్గొట్టి, వెనక్కి వాలి కూచున్నాడు.

“కదలగాకు రా. నేనుండా.”

ఎన్నో వారాల తర్వాత నాతో ఆయన అన్న మొదటి మాట అది.

ఇప్పటికీ ఫోన్ చేస్తే కంత సంగతి ఎత్తుతాడు, మూయాల్సిందేనంటాడు. నేను ఇప్పటికీ ఒప్పుకోను.