అందరికీ కావలసిన పుస్తకం ఎక్కడ ఉండాలి?

జిల్లా కేంద్రంలోని ఆ ప్రభుత్వ డిగ్రీ కళాశాల గ్రంథాలయానికి నేను వెళ్లింది సెమిస్టర్ పరీక్షలు దగ్గరపడ్డ రోజుల్లో. గుమ్మం పక్కన సంచులు పెట్టుకునే అరలు, లోపల ఇష్యూ కౌంటర్, దాని వెనక గోడకు అతికించిన నిబంధనల కాగితం. విద్యార్థికి ఒకసారికి రెండు పుస్తకాలు, 15 రోజుల గడువు, దాటితే రోజుకు రూపాయి జరిమానా, చదువు ముగిశాక నో డ్యూస్ సంతకం. మన కళాశాలల్లో చాలాచోట్ల కాస్త అటూ ఇటూగా ఇవే నిబంధనలు. చదివితే తప్పుపట్టడానికి ఏమీ కనిపించదు. బీరువాల మధ్య తిరిగి చూస్తేనే అసలు సంగతి తెలుస్తుంది. రిఫరెన్స్ చీటీతో గాజు తలుపుల వెనక భద్రంగా ఉన్నవి విజ్ఞాన సర్వస్వాలు, పెద్ద నిఘంటువులు, ఖరీదైన సంపుటాలు. వాటిని అడిగేవారు తక్కువ. సిలబస్‌లోని అర్థశాస్త్రం, గణాంకశాస్త్రం పుస్తకాలు ఉండాల్సిన అరలు మాత్రం ఖాళీ. కాపీలన్నీ బయటికి వెళ్లిపోయాయి. ఏ పుస్తకం గది దాటకూడదో అక్కడ ధరను బట్టి తేల్చారు. తేల్చాల్సింది ఎంతమందికి అవసరమన్నదాన్ని బట్టి అని నా వాదన.

లెక్క వేసి చూద్దాం. తరగతిలో 60 మంది, పాఠ్యపుస్తకం కాపీలు ఐదు అనుకోండి. పరీక్షల ముందు 15 రోజుల్లో ఐదింటినీ ఇంటికిస్తే చదువుకునేది ఐదుగురే, మిగతా 55 మందికి పుస్తకం లేనట్టే. అందులో ఒక్క కాపీని కౌంటర్ దగ్గరే ఉంచి, రెండేసి గంటల చొప్పున అక్కడే కూర్చుని చదువుకోవడానికి ఇస్తే, ఎనిమిది గంటల పనివేళల్లో రోజుకు నలుగురు, 15 రోజుల్లో 60 మంది. అంటే తరగతిలో ప్రతి ఒక్కరికీ ఒక వంతు వస్తుంది. తక్కిన నాలుగు కాపీలు యథాప్రకారం ఇళ్లకు వెళతాయి. కొత్తగా ఒక్క పుస్తకం కొననక్కర్లేదు. అమెరికా కళాశాలల్లో ఈ పద్ధతి దశాబ్దాలుగా నడుస్తోంది. టర్మ్ మొదలయ్యే ముందే అధ్యాపకులు జాబితా ఇస్తారు, ఆ పుస్తకాలను గ్రంథాలయం రిజర్వ్‌లో పెట్టి గంటల లెక్కన ఇస్తుంది. పుస్తకం అందరికీ అందేలా చూడటం జరిమానా వల్ల కాదు. డబ్బున్న విద్యార్థికి రోజుకు రూపాయి చవక అద్దె, పరీక్ష అయ్యేదాకా పుస్తకం తన దగ్గరే ఉంచుకుంటాడు. లేని విద్యార్థి ఆ రూపాయికి భయపడి అసలు తీసుకోడు. ఆలస్యం చేసినవారికి కొన్నాళ్లు పుస్తకం ఇవ్వకపోవడమే ఇద్దరికీ సమానంగా తగిలే శిక్ష.

చేతులు ఎక్కువ మారితే పుస్తకం పోతుందని, దానికి జవాబుదారీ తామేనని గ్రంథపాలకులు అంటారు. ఈ భయాన్ని కొట్టిపారేయలేం. తనిఖీలో లోటు తేలితే సంజాయిషీ ఇవ్వాల్సింది వారే. అయితే కేంద్ర ప్రభుత్వ సాధారణ ఆర్థిక నియమావళి, 2017, ఏడాదిలో ఇచ్చిన లేదా చదివిన ప్రతి వెయ్యి సంపుటాలకు ఐదు పోవడాన్ని సహజ నష్టంగానే పరిగణిస్తుంది. నిర్లక్ష్యం, అక్రమం ఉండకూడదనేదే షరతు. వాడకంలో కొంత నష్టం తప్పదని ప్రభుత్వమే ఒప్పుకున్నప్పుడు, కళాశాల యాజమాన్యాలూ అదే మాట రాతపూర్వకంగా ఇచ్చి గ్రంథపాలకుల భయం తీర్చాలి. 1924లో మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథపాలకుడైన ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో ప్రకటించిన అయిదు సూత్రాల్లో మొదటిదే పుస్తకాలు ఉన్నది వాడుకోవడానికని చెబుతుంది. తాళం వేసి కాపాడిన పుస్తకం లెక్కకు మిగులుతుంది, చదువుకు మిగలదు.

పల్లెల నుంచి వచ్చేవారి మాటేమిటన్నది ఇంతకన్నా బరువైన అభ్యంతరం. సాయంత్రం బస్సు తప్పితే ఇల్లు చేరలేనివారు గ్రంథాలయంలో ఎప్పుడు కూర్చుంటారు? అందుకే రిజర్వ్ కాపీని మూసే వేళకు వారికే ముందుగా ఇచ్చి, మర్నాడు తెరవగానే తిరిగి తీసుకోవాలి. టైంటేబుల్‌లోని లైబ్రరీ పీరియడ్‌ను నిజంగా జరపాలి. అవసరమైన అధ్యాయాన్ని జిరాక్స్ తీసుకోనివ్వాలి. ఢిల్లీ విశ్వవిద్యాలయ ఫొటోకాపీ కేసులో 2016లో అక్కడి హైకోర్టు, బోధనకు అవసరమైన మేరకు నకళ్లు తీయడానికి 1957 కాపీరైట్ చట్టంలోని 52వ సెక్షన్ వీలు కల్పిస్తోందని చెప్పింది. దావా వేసిన ప్రచురణకర్తలు 2017లో దాన్ని వెనక్కి తీసుకున్నారు. ఇక ఫోన్‌లో పీడీఎఫ్ ఉండగా ఇదంతా ఎందుకంటారా? జాతీయ డిజిటల్ లైబ్రరీ వంటివి ఎంతో మేలు చేస్తున్నాయి. కానీ తెలుగు మాధ్యమం పాఠ్యపుస్తకాలన్నీ తెరమీద దొరకవు, దొరికినా ఆరంగుళాల తెరమీద గణాంక పట్టికలు చదవడం కష్టం.

కాబట్టి మార్పు సెమిస్టర్ మొదటి వారంలోనే జరగాలి. ప్రతి విభాగం తన పేపర్లకు తప్పనిసరైన పుస్తకాల జాబితా ఇవ్వాలి, ఒక్కో దానిలో ఒక కాపీ కౌంటర్ దగ్గర ఉండాలి, ఆ జాబితా తరగతి గదిలోనూ కనిపించాలి. కొనుక్కోగలిగినవారికి ఈ నిబంధనతో పని తక్కువ. కొనుక్కోలేనివారికి కళాశాల ఇచ్చే చదువులో సగం దీనిమీదే ఆధారపడి ఉంటుంది. ప్రభుత్వ కళాశాల గ్రంథాలయం నిబంధనలు రాసుకోవాల్సింది ముందుగా ఆ రెండోవారి కోసమే.