జ్ఞానస్నానమా, బాప్తిస్మమా?

మన సంఘాలలో చాలామందికి ఆర్.సి.ఎం. వారంటే మరియమ్మ స్వరూపము, కొవ్వొత్తులు, ఫాదరుగారి తెల్ల అంగీ, అంతవరకే తెలుసు. మన గురించి వారికి తెలిసినదీ అంతే. ఒకే ఊరిలో ఉంటూ, ఒకే సంతలో కూరగాయలు కొనుక్కుంటూ, ఒకరి గుడి గడప ఒకరు తొక్కకుండా బ్రతుకుతాము. బాన్సువాడలో నాకు ఆ గడప దాటించినవారు ఒక చరిత్ర మాస్టారు. ఇప్పుడు ఆయన గురించి వ్రాయడానికి కారణం ఒక పెండ్లి. దాని సంగతి చివర చెబుతాను.

మాస్టారు హైస్కూలులో సాంఘికశాస్త్రము చెప్పి రిటైరైన కతోలిక విశ్వాసి. వారి తాతగారిది గుంటూరు జిల్లా ఫిరంగిపురం వైపు. 1923లో మొదలుపెట్టిన నిజాంసాగర్ ఆనకట్ట 1931లో పూర్తయింది. మంజీర నీళ్ళు కాలువల్లో పారడము మొదలయ్యాక కోస్తా రైతులు ఎందరో ఇటు వచ్చి భూములు కొన్నారు. వారు దిగిన చోట్లను నేటికీ 'క్యాంపు' అనే అంటాము. "ఆ బండ్లలో విత్తనాల బస్తాలతో పాటు జపమాలలు కూడా వచ్చాయి పాస్టరుగారూ" అంటారు మాస్టారు.

ఒక సాయంత్రము ఆయన నన్ను ఒక ప్రశ్న వేశారు. "మీరు బాప్తిస్మము అంటారు, మేము జ్ఞానస్నానము అంటాము. ఇందులో తెలుగు మాట ఏది?"

"రెండూ కావు మాస్టారూ. ఒకటి గ్రీకు, ఒకటి సంస్కృతము" అన్నాను.

"సరే, ఆ సంస్కృతము ఎక్కడినుండి వచ్చిందో తెలుసా?" అని కుర్చీ దగ్గరకు లాక్కున్నారు. ఆయన కుర్చీ లాక్కున్నారంటే పాఠము మొదలైనట్టే.

రాబర్ట్ డి నొబిలి అనే యేసుసభ గురువు 1577లో రోములో పుట్టి 1606లో మధురై చేరాడు. అక్కడి జనము పోర్చుగీసు వారిని 'పరంగులు' అనేవారు. పరంగులంటే గొడ్డుమాంసము తిని సారా త్రాగేవారని వారి లెక్క. పరంగి మతములో చేరడమంటే పరంగి అయిపోవడమే అనుకొనేవారు. డి నొబిలి తాను పరంగిని కానన్నాడు. కాషాయము కట్టాడు, మాంసము మానాడు. తమిళము, సంస్కృతము నేర్చాడు. మధురైని ఏలిన నాయకులు తెలుగువారు గనుక తెలుగు కూడా నేర్చాడు. జ్ఞానస్నానము, సర్వేశ్వరుడు వంటి మాటలు ఆ మిషనులో వాడుకైనవే. తరువాత పద్దెనిమిదవ శతాబ్దములో ఫ్రెంచి గురువులు అదే పద్ధతిలో సన్యాసుల వేషముతో రాయలసీమకు వచ్చారు. ఆ కాలములోనే మంగళగిరి ఆనందకవి క్రీస్తు చరిత్రను 'వేదాంత రసాయనము' అనే పద్యకావ్యముగా వ్రాశాడు.

ఆ ఫ్రెంచి గురువులలో మాస్టారికి మిక్కిలి ఇష్టుడు కూర్దూ. ఆయన మన తెలుగునాట ఉండి తెలుగు నేర్చినవాడు. సంస్కృతానికీ లాటిను, గ్రీకు భాషలకూ ఇంత చుట్టరికము ఎలా వచ్చిందని 1767లో పారిస్ పండితులకు ఉత్తరము వ్రాశాడు. అది 1808 వరకు అచ్చు కాలేదు. ఈలోగా 1786లో విలియం జోన్స్ కలకత్తాలో అదే మాట చెప్పి పేరు పొందాడు. "మా కూర్దూ కాగితము పెట్టెలో ఉండిపోయింది" అని మాస్టారు ఇప్పటికీ బాధపడతారు, నిన్న మొన్న జరిగినట్టు.

నేను డిప్లొమాకు చదివిన సంఘచరిత్ర పౌలుతో మొదలై, లూథరు దగ్గర చాలాసేపు నిలిచి, కేరీ దగ్గరకు దూకేది. మధ్యలో ఈ మనుష్యులు లేరు. నేనూ మా వైపు పుస్తకము తెరిచాను. తెలుగులో అచ్చయిన తొలి పుస్తకాలు ప్రొటెస్టెంటు మిషనరీ బెంజమిన్ షుల్జ్ పూనికతో 1746లో జర్మనీలోని హల్లె పట్టణములో వెలువడ్డాయని చెప్పాను. మాస్టారు వెంటనే ఆ సంవత్సరము తన డైరీలో వ్రాసుకున్నారు. పోటీకి రాలేదు. నిజమైన చరిత్రకారుడి గుణము అదే.

అయితే ఆయన తమవారిని పొగిడి ఊరుకొనే మనిషి కాదు. "మన సంస్కృతిని గౌరవించారు, సంతోషమే. కాని కులము కూడా మన సంస్కృతిలోనిదే గదా! కాషాయముతో పాటు దానినీ గుడిలోకి రానిచ్చారు" అన్నారు. మధురై మిషనులో పై కులాల వారికి బ్రాహ్మణ సన్యాసి వేషములో ఒక గురువు. 1640 నుండి తక్కిన కులాల వారికి 'పండారస్వామి' అని వేరొక గురువు. ఒకే క్రీస్తు, రెండు వాకిళ్ళు.

మా మెదకు ప్రాంతములో సువార్త వేరొక దారిన వచ్చింది. వెస్లియన్ మిషను వారు ముందుగా చేరింది మాల, మాదిగ వాడలకే. 1924 క్రిస్మసు నాడు ప్రతిష్ఠించిన మెదకు మహాదేవాలయమును చూసి నోరు తెరిచే యాత్రికులు, ఆ గుడి నిండా కూర్చున్నది ఊరి బావి దగ్గరకు రానివ్వనివారని తలచుకోరు. ఇది చెబుతుంటే నాకు కొంచెము గర్వము వచ్చిన మాట నిజమే. కాని మన సంఘాలలో పెద్దల ఎన్నిక వచ్చినప్పుడు మాల పక్షము, మాదిగ పక్షము అని లెక్కలు కట్టడము చూడనివారెవరు? మాస్టారికి అది కూడా చెప్పాను.

1969లో కతోలిక సంఘము భారతదేశపు పూజలో పన్నెండు మార్పులకు అనుమతి ఇచ్చింది. నేల మీద కూర్చోవడము, కొవ్వొత్తులకు బదులు నూనె దీపాలు, హారతి వంటివి అందులో ఉన్నాయి. "దీపము ఒక్క ఉత్తరముతో లోపలికి వచ్చింది. కులము ఎన్ని ఉత్తరాలు వ్రాసినా బయటకు పోదు" అన్నారు మాస్టారు. 2022 ఆగస్టులో హైదరాబాదు అగ్రపీఠాధిపతి పూల ఆంథోనీగారు కార్డినలు అయ్యారు. తెలుగువారిలో మొదటివారు, దళితులలోనూ మొదటివారు. ఆ రోజు మాస్టారు నాకు మిఠాయి పంపారు.

ఇక పెండ్లి మాట. మా సంఘములోని ఒక అమ్మాయిని మాస్టారి అన్నగారి మనుమడు ఇష్టపడ్డాడు. అమ్మాయి నర్సు. ఆమెది పల్లెలో చివరి వాడ. వారిది క్యాంపులో పెద్ద ఇల్లు. మొదట అందరూ మత భేదమే చెప్పారు. వారి బిషప్పుగారి అనుమతి కావాలన్నారు, అది వచ్చింది. పుట్టబోయే బిడ్డలను కతోలికులుగా పెంచడానికి శక్తికొలది చూస్తానని అబ్బాయి మాట ఇవ్వవలసి వచ్చింది. అది నాకు మింగుడు పడలేదు, ఇప్పటికీ పడదు. అయినా అడ్డు చెప్పలేదు. ఆ అడ్డంకి తొలగిన తరువాతే అసలు అడ్డంకి బయటపడింది. అబ్బాయి తాతగారు, అంటే మాస్టారి అన్నగారు, "వాళ్ళ ఇంట మనము ఎలా తింటాము?" అన్నారు.

మాస్టారు అన్నగారి ముందు డి నొబిలి నుండి మొదలుపెట్టి రెండు గంటలు మాట్లాడారట. చివరకు, "మన ముత్తాతకు జ్ఞానస్నానము ఇచ్చిన నీళ్ళు ఏ కులానివి అన్నయ్యా?" అని అడిగారట. అన్నగారు లేచి లోపలికి వెళ్ళిపోయారు.

2023 మే నెలలో పెండ్లి జరిగింది. గుడి వారిది. ఫాదరుగారి ఆహ్వానము మీద నేను వాక్యము చదివి ప్రార్థన చేశాను. భోజనాలు మాత్రము అమ్మాయి ఇంటి ముందు పందిట్లో పెట్టించారు మాస్టారు. క్యాంపు నుండి సగము మంది వచ్చారు. మొదటి బంతిలోనే ఆయన కూర్చున్నారు. అన్నగారు రాలేదు. అందరూ తిన్న తరువాత మాస్టారు ఒక క్యారియరులో అన్నము, పప్పు, మాంసము కూర సర్దించుకొని, స్కూటరుకు తగిలించుకొని, అన్నగారింటికి బయలుదేరారు.