దోచినవారి తీరమున

డెన్మార్కు దేశములో ఒక్క దినమున నేను చూచిన కోటలను గూర్చియు ఓడలను గూర్చియు మీకు చెప్పవలెనని యున్నది. అయితే ఆ దినము నాకేల మరపురానిదాయెనో మీకు తెలియవలెనన్న, ముందుగా మా మందిరములో జరిగిన సంగతి యొకటి చెప్పి, నా తప్పు నొప్పుకొనవలసియున్నది.

మా సంఘములో ప్రభురాత్రి భోజనమునకు వాడుచుండిన వెండి గిన్నె యొకటి యుండెను. మిరపచేలలో కూలిచేసి బ్రదుకు ఒక విధవరాలు తన కాళ్ల కడియములు కరిగించి దానిని చేయించి యిచ్చినది. 2011లో ఒక రాత్రి ఆ గిన్నెయు, కానుకల పెట్టెలోని సొమ్మును పోయినవి. దొంగిలించినవాడు పరాయివాడు కాడు. నా చేతులతో నేనే బాప్తిస్మమిచ్చిన పిల్లవాడు. గిన్నెను కరిగించి అమ్మివేసెను గనుక అది మరల దొరకలేదు. వాడు శిక్ష అనుభవించి 2014లో ఊరికి తిరిగివచ్చెను. అప్పటినుండి ప్రతి ఆదివారమును మందిరము బయట వేపచెట్టు క్రింద నిలువబడి పాటలు వినుచుండెను. లోనికి రాలేదు. నేనును రమ్మని పిలువలేదు.

పెద్దలలో ఒకాయన, "అయ్యగారూ, ఒక్కమాట పిలిస్తే పోదా?" అని అడిగెను. "మారుమనస్సు ముందు కనబడనివ్వండి. అయినా ఆ అవ్వ మనసు నొచ్చుకోదా?" అని జవాబు చెప్పితిని. ఆ మాట నాకు మిక్కిలి న్యాయముగా తోచెను. ఆ అవ్వ వేపచెట్టు వైపు కిటికీ ప్రక్కనే కూర్చుండెడిది. వానజల్లు కొట్టినప్పుడు కూడ ఆ కిటికీ తలుపు వేయనిచ్చెడిది కాదు. చాపలు తడియుచున్నవని ఒకసారి ఆమెమీద విసుగుకొంటిని. ఆమె ఏమియు పలుకలేదు. ఇట్లు నాలుగేండ్లు గడచెను.

2018 ఆగస్టు నెలలో, కోపెన్‌హాగెన్ పట్టణమున ఉద్యోగము చేయుచుండిన మా పెద్ద కుమారుడు నన్నును తన తల్లిని అచ్చటికి పిలిపించుకొనెను. ఒక శనివారమున ముగ్గురమును యాత్రికుల బస్సెక్కితిమి. రెండు కోటలను, వైకింగుల ఓడలున్న పట్టణమును చూపించి సాయంకాలమునకు తిరిగి తీసికొనివచ్చు బస్సది. వెంట నుండి అన్నిటిని వివరించుటకు ఒక పెద్దావిడ యుండెను. ఆమె ఇంగ్లీషులో చెప్పినది నా భార్యకు మావాడు తెలుగులో చెప్పుచుండెను.

మొదట ఉత్తరముగా సుమారు 45 కిలోమీటర్లు ప్రయాణముచేసి హెల్సింగోర్ అను ఊరు చేరితిమి. అచ్చట సముద్రపు ఒడ్డున క్రోన్‌బోర్గ్ కోట యున్నది. ఎదుట నీళ్లకావల, సుమారు 4 కిలోమీటర్ల దూరములోనే, స్వీడను దేశపు ఒడ్డు కనబడుచుండెను. ఆ ఇరుకు దారిని పోవు ఓడలు డెన్మార్కు రాజునకు సుంకము చెల్లింపవలెనని 1429లో నియమమేర్పడి, 1857 వరకు నడచెను. రెండవ ఫ్రెడరిక్ రాజు 1574 మొదలు 1585 వరకు ఈ కోటను గొప్పగా కట్టించెను.

"మన సంతలో ఆశీలు వసూలు చేసినట్టే గదా!" అని నా భార్య యనెను. నిజమే. సరకు విలువ ఎంతయో ఓడనాయకుడే చెప్పవలెను, దానినిబట్టి సుంకము. తక్కువ చెప్పిన యెడల నేమగును? రాజు ఆ చెప్పిన వెలకే సరకంతయు కొనివేయవచ్చును! అబద్ధమాడువాడు తన నోటితోనే నష్టపడును. బస్సువారందరు నవ్విరి. నేనును నవ్వితిని. ఎదుటివాని లెక్క సరిచూచు ఆ పద్ధతి నాకు బాగుగా నచ్చెను. నా లెక్క చూచువాడు ఒకడున్నాడని ఆ గడియలో తలంచలేదు.

ఆ కోట యొద్ద నిలిచి నీళ్లవైపు చూచుచుండగా, వేదాంత పాఠశాలలో చదువుకొన్న సంగతి యొకటి జ్ఞాపకమునకు వచ్చెను. సీగెన్‌బాల్గ్, ప్లూట్షౌ అను ఇద్దరు జర్మను యువకులు 1705 నవంబరులో కోపెన్‌హాగెన్‌లో గురుపట్టము పొంది, ఓడయెక్కి ఈ దారినే పోయిరి. 1706 జూలై 9వ తేదీన వారు తరంగంబాడిలో దిగిరి. వారిని పంపినవాడు డెన్మార్కు రాజైన నాలుగవ ఫ్రెడరిక్. తరువాత ఆ మిషనులోనికి వచ్చిన బెంజమిన్ షుల్జ్ అను బోధకుడు మద్రాసులో తెలుగు నేర్చుకొని, తన దేశము చేరిన పిమ్మట 1746లో హాలే పట్టణమున తెలుగు అక్షరములతో క్రైస్తవ పుస్తకములు అచ్చువేయించెను. మన భాషలో అచ్చైన తొలి పుస్తకములలో అవి చేరినవి. ఈ సంగతి మావానికి చెప్పగా, "అయితే మనమిక్కడికి బాకీ తీర్చడానికి వచ్చామన్నమాట, నాన్నగారూ" అని నవ్వెను.

రెండవది ఫ్రెడరిక్స్‌బోర్గ్ కోట. అది చెరువులో మూడు చిన్న దీవులమీద నిలిచియున్నది. నాలుగవ క్రిస్టియన్ రాజు 17వ శతాబ్దపు ఆరంభమున దానిని కట్టించెను. 1671 మొదలు 1840 వరకు ఆ దేశపు రాజులలో ఒక్కడు తప్ప అందరును ఆ కోటలోని ప్రార్థనాలయముననే అభిషేకము పొందిరి. నేను చెప్పిన నాలుగవ ఫ్రెడరిక్ వారిలో ఒకడు. 1610లో చేసిన వాద్యపేటిక యొకటి అచ్చట ఇంకను మ్రోగుచున్నది.

ఆ కోట 1859 డిసెంబరులో కాలిపోయెను. అయితే ప్రార్థనాలయము నిలిచెను. క్రోన్‌బోర్గ్ కోట 1629లో కాలినప్పుడును దాని ప్రార్థనాలయము మిగిలెనని ప్రొద్దుననే వింటిమి. ఇంకేమి! రాజుల భవనములు కాలిపోవును గాని దేవుని మందిరము నిలుచునని ప్రసంగమొకటి బస్సులోనే నా మనస్సులో సిద్ధమాయెను. ఆ ప్రసంగము సాయంకాలము వరకైనను నిలువలేదు.

మధ్యాహ్నము రోస్కిల్డ పట్టణము చేరితిమి. అచ్చటి పెద్ద దేవాలయము ఎఱ్ఱని ఇటుకలతో కట్టినది. ఆ దేశపు రాజులును రాణులును సుమారు 40 మంది అందులో సమాధి చేయబడియున్నారు. నాలుగవ ఫ్రెడరిక్ సమాధియు అచ్చటనే చూచితిని. ఆయన 1730లో చనిపోయెను. మన దేశమునకు బోధకులను పంపిన రాజు ఈయనే యని చెప్పగా, నా భార్య కొంగు తలమీదికి లాగికొని కొంతసేపు మౌనముగా నిలిచెను.

అచ్చటనుండి సముద్రపు పాయ ఒడ్డుననున్న ఓడల భవనమునకు దిగిపోతిమి. వైకింగులనగా, సుమారు 8వ శతాబ్దపు చివరనుండి 11వ శతాబ్దము వరకు ఆ ఉత్తర దేశములనుండి ఓడలమీద బయలుదేరినవారు. వారిలో వర్తకులుండిరి, కొత్త భూములు వెదకి సేద్యము చేసినవారుండిరి, దోపిడికాండ్రును ఉండిరి. 1070 ప్రాంతమున, రోస్కిల్డ మీదికి శత్రువులు నీటిదారిని రాకుండునట్లు, ఆ పట్టణపువారు పాత ఓడలలో రాళ్లు నింపి దారికడ్డముగా ముంచివేసిరి. 1962లో వాటి చుట్టు గోడ కట్టి, నీరు తోడించి, వేలకొలది కఱ్ఱముక్కలను వెలికితీసిరి. మొదట ఆరు ఓడలనుకొనిరి; అందులో రెండని తలంచినవి ఒక్క పెద్ద ఓడ ముక్కలేయని తరువాత తెలిసెను. ఆ ముక్కలను యేండ్ల తరబడి కూర్చి అయిదు ఓడలను నిలువబెట్టిరి.

అన్నిటికంటె పెద్దదాని పొడవు సుమారు 30 మీటర్లు. సుమారు అరువదిమంది తెడ్లు వేయునట్టి యుద్ధపు ఓడ యది. దాని కఱ్ఱను పరీక్షింపగా, 1042లో ఐర్లండు దేశమున డబ్లిన్ ప్రాంతమున నరికిన సింధూర వృక్షముల కఱ్ఱ యని తేలినది. పలకమీద పలక ఎక్కించి ఇనుప మేకులతో బిగించినారు. అంత పెద్ద ఓడయైనను మొలలోతు నీటిలో తేలును. కాబట్టి సముద్రము మీదనే గాక నదులలోనికిని చొరబడి, ఎదురుచూడని ఊళ్లమీద పడగలిగిరి.

అప్పుడు ఆ పెద్దావిడ ఇట్లు చెప్పెను. 793లో ఈ ఉత్తరపువారు ఇంగ్లండు తీరముననున్న లిండిస్‌ఫార్న్ దీవిలోని సన్యాసుల మఠముమీద పడి, కొందరిని చంపి, కొందరిని చెరపట్టి, దేవాలయపు సొత్తును దోచుకొనిపోయిరి. మేము చూచుచున్న ఓడలు అప్పటివి కావు గాని, ఆ జాతివారివే. తరువాత 826లో ఆన్స్‌గార్ అను సన్యాసి సువార్త ప్రకటించుటకు డెన్మార్కు వచ్చెను. ఆయనను తోడుకొనివచ్చిన రాజును స్వజనులే తరిమివేయగా పని సాగలేదు. ఆన్స్‌గార్ హాంబుర్గ్ పట్టణమున అధ్యక్షుడాయెను. 845లో డెన్మార్కు రాజైన హోరిక్ పంపిన ఓడలు ఆ పట్టణముమీద పడి, ఆయన మందిరమును పుస్తకములను కాల్చివేసెను. ఆయన కట్టుబట్టలతో తప్పించుకొనెను.

నేను బస్సులో సిద్ధపరచుకొన్న ప్రసంగము అక్కడ ముగిసిపోయెను. దేవుని మందిరము కాలిపోయెను గదా! ఇక నిలిచినదేమి?

నిలిచినది ఆ కాపరి మనస్సు. తన మందిరమును కాల్పించిన ఆ హోరిక్ రాజు నొద్దకే ఆయన మరల పోయెను. రాజుల మధ్య సందేశములు మోసి, ఆ రాజు స్నేహము సంపాదించెను. 850 ప్రాంతమున ఆ రాజే హేదబీ అను పట్టణమున మందిరము కట్టుకొనుటకు సెలవిచ్చెను. రాజు మాత్రము క్రైస్తవుడు కాలేదు. 865లో ఆన్స్‌గార్ చనిపోవునప్పటికి ఆ దేశము మారలేదు. మరి నూరేండ్లకు, 965 ప్రాంతమున, హరాల్డ్ బ్లూటూత్ అను రాజు బాప్తిస్మము పొంది, డేనులను తాను క్రైస్తవులుగా చేసితినని రాతిమీద చెక్కించెను. మన చేతి ఫోనులలోని బ్లూటూత్ అను పేరు ఈ రాజుదే.

ఇదంతయు విని నా భార్య ఆ పెద్ద ఓడ వైపు చూచి, మెల్లగా, "ఏమండీ, గుడి దోచుకున్నవాళ్ల ఊరినుంచేనా మనకు బోధకులొచ్చింది?" అనెను.

"అవును" అంటిని.

"మరి మనవాడో?" అనెను.

అంతకుమించి ఆమె ఏమియు అనలేదు. ఎవని గూర్చి యనెనో నేనడుగలేదు. సౌలు నొద్దకు పొమ్మన్నప్పుడు దమస్కులోని అననీయ ఎంత వెనుకాడెనో అనేక మారులు ప్రసంగించినవాడను. అయితే వెనుకాడినను అతడు పోయెను, నేను పోలేదు. ఆన్స్‌గార్ పోగొట్టుకొన్నది మందిరమంతయు. మేము పోగొట్టుకొన్నది ఒక్క గిన్నె. ఆయన సముద్రతీరములు దాటి పోయెను. నాకు వేపచెట్టు ఇరువది అడుగుల దూరము.

ఊరికి తిరిగివచ్చిన మొదటి ఆదివారమున, గంట కొట్టకముందే నేను వేపచెట్టు నొద్దకు పోతిని. "నాయనా, లోపలికి రా. నాలుగేళ్లు నిన్ను పిలవలేదు, అది నా తప్పు" అంటిని. అతడు తలయెత్తలేదు. "రాలేనయ్యగారూ. లోపల అవ్వ ఉంటుంది. ఆమె మొహం చూడలేను" అనెను.

ఆ సాయంకాలమే అవ్వ యింటికి పోతిని. ఆమె నొప్పింపకుండ ఎట్లు అడుగుదునా యని నాకు భయముగా నుండెను. అంతయు విని ఆమె యిట్లనెను: "అయ్యగారూ, నాకోసమా వాణ్ని బయట నిలబెట్టారు? నేనెప్పుడైనా అలా చెప్పానా? నన్ను అడిగారా? వాడికి వాక్యం వినబడాలనే గదయ్యా, జల్లు కొడుతున్నా ఆ కిటికీ వెయ్యనిచ్చేదాన్ని కాదు."

నేనెట్లు ఇల్లు చేరితినో నాకు తెలియదు. వాక్యము చదివినవాడను నేను. కిటికీ తెరచినది ఆమె. ఆమె నొచ్చుకొనునని చెప్పుచు, నా కోపమును ఆమె పేర దాచుకొంటిని. నా సరకు విలువ నేనే తక్కువ చెప్పుకొంటిని. రాజు ఆ వెలకే నన్ను పట్టుకొనెను.

మరుసటి ఆదివారము అవ్వయే బయటికి పోయి అతని చెయ్యి పట్టుకొనెను. అతడు లోనికి వచ్చి వెనుక చాపమీద కూర్చుండెను. కొన్ని నెలలకు ప్రభురాత్రి భోజనములో పాలుపొందెను. ఇప్పుడతడు వేరొక ఊరిలో తాపీపని చేసికొనుచున్నాడు, క్రిస్మసుకు వచ్చిపోవుచుండును. వెండి గిన్నె మరల చేయించలేదు. స్టీలు గిన్నెయే వాడుచున్నాము.

ప్రియ చదువరులారా, మీరు డెన్మార్కు పోనక్కరలేదు. వచ్చే ఆదివారము మీ మందిరపు కిటికీలోనుండి ఒక్కసారి బయటికి చూడుడి. ఎవరైనను నిలిచియున్నారా? వారిని అక్కడ నిలిపినది ఎవరని మిమ్మును మీరు అడుగుకొనుడి. దోచినవారి తీరమునకు మరల పోయినవాడు ఒకడుండెను గనుక, ఆ తీరమునుండి మనయొద్దకు వాక్యము వచ్చెను. మీరు పిలువవలసిన దూరము అంత లేదు. ఆ కొలది అడుగులు నడుచుటకు ప్రభువు మనకందరికి కృప దయచేయును గాక. ఆమేన్.