అత్తమ్మను ‘మీరు’ అన్నందుకు

పోయిన ఆదివారం కోదాడలో ఒక పెళ్ళి విందుకు వెళ్ళి, పెరుగన్నం దాకా ఉండకుండా లేచి వచ్చేశాను. ఇంటికి వచ్చినా మనసు కుదుటపడలేదు. ఈ నాలుగు ముక్కలూ రాస్తే తప్ప పడేలా లేదు.

పెళ్ళికూతురిది సూర్యాపేట, పెళ్ళికొడుకుది జగ్గయ్యపేట. రెండూళ్ళ మధ్య బస్సులో గంటన్నర కూడా పట్టదు. ఆ పిల్ల వడ్డన పంక్తి దాటుకుంటూ వచ్చి, కూర్చున్న అత్తగారి పక్కన వంగి, “అత్తమ్మా, నువ్వు తిన్నవా?” అని అడిగింది. పొద్దుటి నుంచి నిలబడే ఉన్న పిల్ల, తాను తినకముందు అత్తగారి ఆకలి కనుక్కోవడానికి వచ్చింది. అత్తగారు జవాబు చెప్పేలోపే మగపెళ్ళివారి తరఫు పెద్దావిడ ఒకామె అందుకుంది. “నువ్వు ఏంటమ్మాయ్? అత్తగారిని మీరు అనాలి. మీ ఇంట్లో నేర్పలేదా?”

ఆ పిల్ల మొహం నేను చూశాను. సరిగ్గా అలాంటి మొహంతోనే నేను 1988లో సూర్యాపేటలో ఒక వంటింటి గడపలో నిలబడ్డాను. అయితే నా తప్పు దీనికి పూర్తిగా తలకిందులు.

మాది ఆంధ్ర వైపు నందిగామ దగ్గర పల్లె. పెళ్ళయి సూర్యాపేట వచ్చాక, పుట్టింట్లో నేర్పినట్టే అత్తగారిని ‘మీరు’ అన్నాను, ప్రతి మాట చివరా ‘అండి’ చేర్చాను. పది రోజులు ఆమె ఓర్చుకుంది. పదకొండో రోజు పొయ్యి ముందు కూర్చుని, నా వైపు చూడకుండానే అంది: “ఏం బిడ్డా, నేను పరాయిదాన్నా? ఎవలో సుట్టపామెను అడిగినట్టు మీరు మీరు అంటవేంది?” ఆమె గొంతులో కోపం లేదు. కోపమే ఉంటే నేను సర్దుకునేదాన్నేమో. ఆమె నిజంగా నొచ్చుకుంది. కొడుకు భార్య తనను వాకిట్లోనే నిలబెట్టి మాట్లాడుతోందనుకుంది.

నా దృష్టిలో ‘మీరు’ మర్యాద, ఆమె దృష్టిలో అది ఎడం. ఆమె ‘నువ్వు’ అంటే దగ్గరితనం, మా పుట్టింట్లో అది పొగరు. ఇద్దరం తెలుగే మాట్లాడుతున్నాం కాబట్టి ఒకరి మాట ఇంకొకరికి అర్థమవుతోందని ఇద్దరం అనుకున్నాం. వేరే భాషవాళ్ళయితే కనీసం అనువాదం అవసరమని తెలుస్తుంది. ఒకే భాష అనుకున్నచోట ఆ జాగ్రత్త ఎవరికీ తట్టదు.

తెలంగాణలో మర్యాద లేదని మా వైపు వాళ్ళు అంటుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. “రాండ్రి, కూసోండ్రి” అనే పిలుపులో మర్యాద లేదా? గడపలోకి అడుగు పెట్టకముందే కాళ్ళకు నీళ్ళు, చేతికి మంచినీళ్ళ చెంబు ఇచ్చేది ఈ ఇళ్ళలోనే. పెద్దవాళ్ళు వస్తే ఎంత పని ఉన్నా లేచి నిలబడతారు. మర్యాద సర్వనామంలో తప్ప ఇంకెక్కడా ఉండదనుకునేవాళ్ళకు ఇవేవీ కనిపించవు. అటు చూస్తే, ‘అండి’ అన్నవాళ్ళందరూ నాటకాలాడుతున్నారని ఇక్కడి వాళ్ళు అనడమూ నేను విన్నాను. అదీ అన్యాయమే. మా నాన్నను నేను జీవితంలో ఒక్కసారి కూడా నువ్వు అనలేదు. ఆయన మీద నాకున్న ప్రేమంతా ఆ ‘మీరు’లోనే ఉంది.

మా అబ్బాయి న్యూజెర్సీలో ఉంటాడు. వాళ్ళ పక్కింటి దంపతుల్లో భర్త అమెరికన్, భార్య కొలంబియా నుంచి వచ్చిన అమ్మాయి. మావాడు ఫోనులో వాళ్ళ సంగతి చెబుతుంటే నేను పొయ్యి ఆపి మరీ విన్నాను. స్పానిష్‌లో మన ‘నువ్వు’ లాంటి మాట ‘తు’, ‘మీరు’ లాంటిది ‘ఉస్తెద్’. ఆ భర్త పెళ్ళికి ముందే కష్టపడి స్పానిష్ నేర్చుకున్నాడు. ఉస్తెద్ కొత్తవాళ్ళతో, పైఅధికారులతో వాడే మాట అని పుస్తకంలో చదివాడు. తీరా చూస్తే భార్య తనను ఉస్తెద్ అంటోంది, ఫోనులో వాళ్ళమ్మతోనూ ఉస్తెదే. తనను దూరం పెడుతోందని ఆయన లోలోపల కుమిలాడట. అసలు సంగతి ఏమిటంటే, కొలంబియా నడిమి కొండప్రాంతాల్లో, బొగోటా చుట్టుపక్కల, భార్యాభర్తలూ తల్లీపిల్లలూ ఒకరినొకరు ఉస్తెద్ అనుకోవడం మామూలే. పక్కనున్న బొయాకాలో ఇంకో అందమైన మాట ఉంది, ‘సుమెర్సే’. పూర్వం దొరలను ‘తమ దయ’ అని సంబోధించిన మాట అరిగి అరిగి అలా అయింది. ఇప్పుడు తల్లి బిడ్డనూ అలాగే పిలుస్తుంది, కూరగాయలమ్మే ఆమె బేరానికొచ్చినవాళ్ళనూ అలాగే పిలుస్తుంది. మెడెయిన్, కాలీ నగరాల వైపు వెళితే మళ్ళీ ‘వోస్’ అని మరో మాట. ఒక్క దేశంలో ఇన్ని. ఇంగ్లీషువాడికేమో అందరికీ కలిపి ఒకటే మాట, ‘యూ’. దేశాధ్యక్షుడికీ, పెంపుడు కుక్కకూ అదే.

అది విన్నప్పుడు మా అత్తమ్మ గుర్తొచ్చి చాలాసేపు కూర్చుండిపోయాను. బొగోటా ఎక్కడ, సూర్యాపేట ఎక్కడ! ఆ అమెరికా అబ్బాయి పడిన బాధే ఆమె పడింది.

అందుకే కొత్త దంపతులకు నేను చెప్పే మొదటి మాట: పెళ్ళయిన వారంలోనే అత్తగారిని, మామగారిని నేరుగా అడగండి, “మిమ్మల్ని ఏమని పిలిస్తే మీకు బాగుంటుంది?” అని. ఇంకెవరి ద్వారానో కనుక్కోవద్దు, ఊహించుకోవద్దు. చాలా ఇళ్ళలో ఎవరూ అడగని ప్రశ్న ఇది. అడిగితే కాదనేవాళ్ళను నేనింతవరకూ చూడలేదు.

రెండోది భర్తలకు. ఇది చెప్పాలంటే తొక్కు సంగతి చెప్పాలి. కాపురానికొచ్చిన కొత్తలో అత్తమ్మ “మామిడికాయ తొక్కు తీసుకురా” అంది. మా వైపు పచ్చడి అంటాం. నేను తొక్కలు అనుకుని, గేదెకు వేయడానికి తీసిపెట్టిన మామిడి తొక్కల గిన్నె తెచ్చి పంక్తిలో పెట్టాను. అందరూ నవ్వారు. నవ్వడం వరకు ఫరవాలేదు. కానీ మా ఆడపడుచు ఆ కథను ఇరవై ఏళ్ళు చెప్పింది. బారసాలకు చెప్పింది, గృహప్రవేశానికి చెప్పింది, మా అన్నయ్య ఎదుట చెప్పింది. ఉల్లిగడ్డను ఉల్లిపాయ అన్నాననీ, ఎల్లిగడ్డ అంటే దిక్కులు చూశాననీ ప్రతిసారీ కొత్తవి చేర్చింది. ఆమె దుర్మార్గురాలు కాదు, నా పురుళ్ళప్పుడు నిద్రమాని కూర్చున్న మనిషి. అయినా ఆ కథ మొదలైన ప్రతిసారీ నేను మా ఆయన వైపు చూసేదాన్ని. ఆయనా అందరితో కలిసి నవ్వేవాడు. “ఇక చాలు అక్కా” అని ఒక్కసారి, మొదటిసారే అని ఉంటే అది అక్కడితో ఆగిపోయేది. నేనంటే గొడవ అవుతుంది, ఆయనంటే అవదు. ఎవరి వైపు వాళ్ళను వాళ్ళే ఆపాలి. కోడలి తరఫున కొడుకు, అల్లుడి తరఫున కూతురు. నందిగామలో మావాళ్ళు మా ఆయన యాసను అనుకరించబోతే నేను మొదటి రోజే ఆపేశాను. ఆ ఒక్క విషయంలో నేను ఆయనకంటే మంచి జీవితభాగస్వామిని. ఈ మాట ఆయన ముందు కూడా అంటాను.

పండుగల గురించి చాలామంది సగం సగం అంటారు. మాకు అది పనికిరాలేదు. న్యూజెర్సీ పక్కింట్లోనూ అదే తంటా: కొలంబియావాళ్ళకు డిసెంబరు 24 అర్ధరాత్రే క్రిస్మస్, ఇంటిల్లిపాదీ మేలుకుని అప్పుడే కానుకలు విప్పుకుంటారు. దానికి ముందు 16వ తేదీ నుంచి తొమ్మిది రోజులు చుట్టాలందరూ చేరి ప్రార్థనలు చేస్తారు. అమెరికావాళ్ళు 25 పొద్దున్నే విప్పుతారు. రెండూ చేయమని మావాడితో చెప్పి పంపించాను. నిద్ర చెడితే చెడుతుంది. మేమూ అంతే చేశాం. దసరా, బతుకమ్మ తొమ్మిది రోజులూ సూర్యాపేటలోనే. సంక్రాంతికి భోగి తెల్లవారేసరికి నందిగామలో ఉండాలి. 65వ నంబరు జాతీయ రహదారి మీద కొర్లపహాడ్ టోల్‌గేటు దగ్గర పండుగ ముందు రోజు కార్లు ఎలా బారులు తీరతాయో టీవీలో అందరూ చూసే ఉంటారు. ఆ బారులో ఉన్నవాళ్ళలో మాలాంటి జంటలు ఎన్నో. 2011 సకల జనుల సమ్మెలో బస్సులు ఆగిపోయినప్పుడూ, 2020 మార్చి లాక్‌డౌన్‌లో రాష్ట్ర సరిహద్దున గరికపాడు చెక్‌పోస్టు దగ్గర బండ్లు ఆపేసినప్పుడూ అలాంటి ఇళ్ళలో అటువైపు వాళ్ళు అటూ, ఇటువైపు వాళ్ళు ఇటూ చిక్కుకున్నారు. తెలంగాణ ఉద్యమం రోజుల్లో మా ఇంట్లో ఒక నియమం పెట్టుకున్నాం: కంచాలు ముందుండగా టీవీలో వార్తలు పెట్టకూడదు. 2014 జూన్ 2న రాష్ట్రం విడిపోయేదాకా, ఆ తర్వాత కొన్నేళ్ళ దాకా కూడా ఆ నియమం మమ్మల్ని కాపాడింది.

ఇంకా కొన్ని కాగితాల సంగతులు ఉన్నాయి, చిన్నవి కావు. కోదాడలో ఉంటూ పిల్లల్ని ఇంటర్‌కు విజయవాడ పంపే ఇళ్ళు చాలా ఉన్నాయి. రెండు రాష్ట్రాల మధ్య ఉమ్మడి ప్రవేశాల పదేళ్ళ గడువు 2024తో ముగిసింది. వైద్యవిద్యకు తెలంగాణలో స్థానికత కావాలంటే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా నాలుగేళ్ళూ ఇక్కడే చదవాలన్న నిబంధన అదే ఏడాది వచ్చింది. పిల్ల ఏ వైపు చదవాలన్నది తొమ్మిదో తరగతికి ముందే ఆలుమగలు కూర్చుని తేల్చుకోవాలి, తాతలు కాదు. విదేశీయులను చేసుకున్న మన పిల్లలైతే పేర్లు ముందే తేల్చుకోండి. మన ఇంటిపేరు ముందు వస్తుంది, అమెరికాలో చివర. కొలంబియాలో బిడ్డ పేరు వెనక తండ్రి ఇంటిపేరూ తల్లి ఇంటిపేరూ రెండూ ఉంటాయి, భార్య పుట్టింటి పేరు పోదు. ఆ పద్ధతి నాకు చాలా నచ్చింది. పెళ్ళిని వెంటనే రిజిస్టరు చేయించుకోండి. రిజిస్టరై రెండేళ్ళు నిండితే గానీ విదేశీ కోడలికో అల్లుడికో ఓసీఐ కార్డుకు అర్హత రాదు.

ఈ సలహాలన్నీ రెండు ఇళ్ళూ ఆ జంటను బతకనిస్తాయన్న నమ్మకం మీద చెబుతున్నవే. 2018 సెప్టెంబరులో మిర్యాలగూడలో ప్రణయ్ అనే యువకుణ్ణి గర్భవతి అయిన భార్య కళ్ళెదుటే నరికి చంపారు. కులం వేరు, అంతే. 2025 మార్చిలో నల్లగొండ కోర్టు ఒకరికి ఉరిశిక్ష, ఆరుగురికి యావజ్జీవం వేసింది. మేము మిర్యాలగూడలో నాలుగేళ్ళు ఉన్నాం. మా ఆయన రైస్‌మిల్లులో గుమాస్తా. సాగర్ ఎడమ కాలువ నీళ్ళు 1967లో పారడం మొదలయ్యాక కృష్ణా డెల్టా నుంచి రైతులొచ్చి పొలాలు కొన్న ఊళ్ళవి. మా వాడకట్టులో ఒక ఇంట్లో గుంటూరు గోంగూర, పక్కింట్లో పచ్చిపులుసు. సాయంత్రం అయ్యేసరికి గిన్నెలు గోడలు దాటేవి. అంత తేలిగ్గా కలిసిపోయిన ఊరు కులం దగ్గరికొచ్చేసరికి ఎందుకలా అయిందో నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

అత్తమ్మ సంగతి మిగిలింది. ఆమె అడిగాక కూడా నా నోటికి నువ్వు రాలేదు. రెండేళ్ళు మీరు, నువ్వు రెండూ మానేసి, ‘తిన్నారా’ అనడానికి బదులు ‘అన్నం పెట్టనా’ అంటూ మాటలు తిప్పుకుని నెట్టుకొచ్చాను. 1990 సద్దుల బతుకమ్మ నాడు సద్దుల చెరువు గట్టు దిగుతున్నాం. ఆమె నెత్తిన పెద్ద బతుకమ్మ, గునుగు, తంగేడు వరసలు కట్టి పైన గుమ్మడిపువ్వు. నా చేతిలో పిల్ల బతుకమ్మ. తడిమట్టి మీద ఆమె కాలు జారింది. “అత్తమ్మా, నువ్వు ఆగు!” అని అరిచాను. ఆమె నిలదొక్కుకుంది, బతుకమ్మ కదల్లేదు. నా వైపు ఒకసారి చూసి మళ్ళీ నడిచింది. ఏమీ అనలేదు. బతుకమ్మను నీళ్ళలో వదిలాక సత్తుపిండి పంచేటప్పుడు, తన కూతుళ్ళిద్దరూ పక్కనే ఉండగా, మొదటి ముద్ద నా చేతిలో పెట్టింది. ఆ తర్వాత ఆమె పోయేదాకా, ఇరవై ఒక్క ఏళ్ళు, ఆమెను నేను నువ్వు అనే పిలిచాను.

జగ్గయ్యపేట వదినగారూ, మీ పేరు కూడా నాకు తెలియదు. ఆదివారం మీ కోడలిని ఆ పెద్దావిడ దిద్దుతున్నప్పుడు మీరు తల దించుకున్నారు, నేను చూశాను. ఆ పిల్ల మిమ్మల్ని నువ్వు అననీయండి. “తిన్నవా” అని అడిగింది కదా, ఆ ప్రశ్నకు మీరు ఇంకా జవాబు చెప్పలేదు. ఈరోజే చెప్పండి.