తాళం నా దగ్గరే ఉంది

మొవ్వ,
జూన్ 2025.

ఒరే బావా,

ఊరి కబుర్లు తర్వాత. మే నెలలో వచ్చిన తిరుపతి జిల్లా వార్త నువ్వూ చూసే ఉంటావు. బాతుల యజమాని దగ్గర అప్పుకి తాకట్టుగా ఉంచిన యానాది పిల్లాడు. కాంచీపురం దగ్గర పాతిపెట్టిన శవాన్ని తవ్వి తీశారు.

ఆ పేపరు మడిచి పెట్టాక మన పక్కనున్న చేపల చెరువు మీద కావలి కాసే కుటుంబం గుర్తొచ్చింది. వాళ్ళూ యానాదులే. ఒకప్పుడు కోతలయ్యాక మన చేలగట్ల మీద బుట్టలు పెట్టి ఎలకలు పట్టినవాళ్ళ మనవలు. గట్టు మీదే పాక. చెరువాయన దగ్గర తీసుకున్న అడ్వాన్సు తీరేదాకా కదలకూడదు. పెళ్ళికో చావుకో వెళ్ళాలన్నా ఇంట్లో ఒకరు ఇక్కడ ఉండిపోవాలి.

చెరువాయన్ని అడిగాను. "వాళ్ళే అడిగి తీసుకున్నారండీ" అన్నాడు. అబద్ధం కాదు. అయితే 1976 నాటి వెట్టిచాకిరీ రద్దు చట్టం పుట్టిందే అలాంటి అడ్వాన్సు గురించి. బాకీ పేరు చెప్పి మనిషిని కదలనివ్వకపోతే అది వెట్టే. ఆ బాకీ ఇక చెల్లదు. అది వెట్టి బాకీ కాదని రుజువు చేసుకోవాల్సింది కూడా అప్పిచ్చినవాడే. ఇన్నేళ్ళూ ఇది తెలీకుండానే పెద్దమనిషిగా తిరిగాన్రా.

అర్జీ రాసే ముందు ఆ పాకలో ఇల్లాలినే అడిగాను. "పేరు రాస్తే మమ్మల్ని గట్టు దింపేస్తారు, ఎక్కడుండాలయ్యా?" అంది. జవాబు చెప్పలేకపోయాను. విడుదలైతే వెంటనే అందే సాయం ముప్పై వేల దాకా. లక్షల్లో వచ్చేదానికి ముందు కేసు తేలాలి. నాలుగు రోజులాగి ఆవిడే కబురంపింది, రాయమని. సోమవారం బందరు గ్రీవెన్సులో అర్జీ ఇచ్చాను. ఇంటిస్థలం, రేషన్ కార్డు కూడా కలిపి అడిగాను. ఇప్పుడు చెరువాయన కాఫీ హోటల్లో నన్ను చూసి మొహం తిప్పుకుంటున్నాడు.

అసలు రాయాలనుకున్నది ఇది. 1984లో మీ గేదెల్ని కాసిన కుర్రాడు గుర్తున్నాడా? మనతో చెడుగుడు ఆడుతూ ఆడుతూ, మీ నాన్నగారు కేకేస్తే ఆట మధ్యలోనే పరిగెత్తేవాడు. వాళ్ళయ్య బాకీకి చేస్తున్నాడనేవాళ్ళు. ఆ ముక్క నేనూ మామూలుగానే అనేవాణ్ణి. చట్టం వచ్చి అప్పటికే ఎనిమిదేళ్ళు.

మీ ఇంటి తాళం నా దగ్గరే ఉంది. అటక మీద మీ నాన్నగారి పద్దుపుస్తకాలు చెదలు పట్టకుండా ఉన్నాయి. ఆ కుర్రాడి అయ్య పేరు పక్కన ఎంత రాసుందో, కొట్టేశారో లేదో చూడాలని ఉంది. తియ్యమంటావా?

నీ
బావ