మాటకు వీసా అక్కర్లేదు... మీటకు కావాలి!

ఖిలా వరంగల్‌లో నాలుగు దిక్కులకు నాలుగు కీర్తి తోరణాలు. ఆకాశమంత ఎత్తున నిలిచిన ఆ రాతి ద్వారాల్లో ఒక్కదానికీ తలుపు లేదు. గాలి ఎటు నుంచి ఎటైనా పోవచ్చు... ఎవరినీ అడగక్కర్లేదు.

అదే ఓరుగల్లులో ఓ డాబా మీద పొడవాటి తీగ కట్టి, కింద గదిలో చిన్న రేడియో పెట్టె ముందు కూర్చుని మీట నొక్కితే చాలు. మాట కాజీపేట దాటి, సముద్రాలు దాటి ఏ జపాన్‌లోనో, ఇటలీలోనో తేలుతుంది. సెల్‌ టవర్‌ ఉండదు. ఇంటర్నెట్‌ ఉండదు. 7, 14 మెగాహెర్ట్జ్‌ దగ్గరి తరంగాలు పైకి వెళ్లి, అక్కడ అయనోస్ఫియర్‌ పొరను తాకి మళ్లీ నేలకు దిగుతాయి. అదే హామ్‌ రేడియో!

ఇది ఎవరు పడితే వాళ్లు చేసే పని కాదు. పన్నెండేళ్లు నిండాలి, పరీక్ష పాసవ్వాలి. కేంద్ర టెలికాం శాఖలోని డబ్ల్యూపీసీ విభాగం లైసెన్సు ఇస్తుంది. దాంతోపాటే ఓ పిలుపు పేరూ వస్తుంది. మన దేశంలో అవి ‘వీయూ’ అక్షరాలతో మొదలవుతాయి. ఆ రెండు అక్షరాలు వినగానే ప్రపంచంలో ఏ మూలనున్నవాళ్లయినా ‘ఓహో, భారత్‌’ అనుకుంటారు.

మరి... ఆ మాట వెళ్లిన చోటికి మనిషే వెళితే?

విమానం దిగాక...

చిక్కంతా ఇక్కడే. ఓరుగల్లులో కూర్చుని టెక్సాస్‌తో మాట్లాడటానికి మన లైసెన్సు చాలు. టెక్సాస్‌ వెళ్లి అక్కడి నుంచి మాట్లాడాలంటే మాత్రం అక్కడి సర్కారు మన కాగితాన్ని ఒప్పుకోవాలి. ‘మీవాళ్ల లైసెన్సును మేం గౌరవిస్తాం, మావాళ్లది మీరు గౌరవించండి’ అని రెండు దేశాలు చేసుకునే ఒప్పందం ఇందుకే.

అమెరికాతో మనకు అలాంటి ఏర్పాటు ఉంది. భారత పౌరుడై ఉండి, మన దేశపు లైసెన్సు ఉంటే అక్కడ విడిగా దరఖాస్తు చేయక్కర్లేదు. కాకపోతే పిలుపు పేరుకు ముందు ఆ ప్రాంతపు గుర్తు తగిలించాలి. టెక్సాస్‌ అయితే ‘డబ్ల్యూ5’, న్యూజెర్సీ అయితే ‘డబ్ల్యూ2’. మాట్లాడే ప్రతిసారీ ఒక్కసారైనా ఏ ఊరు, ఏ రాష్ట్రమో చెప్పాలి. మన పిల్లలు అక్కడి పౌరసత్వం తీసుకుంటే ఈ వెసులుబాటు పోతుంది, అక్కడి పరీక్ష రాయాల్సిందే. ఆ పరీక్ష రాయడానికి పౌరసత్వం కావాలన్న షరతు లేదు, వయసు నిబంధనా లేదు.

ఐరోపాలో దారి వేరు. 1985లో అక్కడి దేశాలు ఓ ఉమ్మడి పద్ధతి తెచ్చాయి. దాని ప్రకారం ఒక దేశం లైసెన్సుతో మరో దేశంలో మూడు నెలల దాకా రేడియో వాడుకోవచ్చు. అమెరికా, కెనడా లాంటి బయటి దేశాలు కూడా తర్వాత అందులో చేరాయి. భారత్‌ అందులో లేదు. అందుకే ఐరోపా వెళ్లే మనవాళ్లు ఏ దేశానికి ఆ దేశంలో నిబంధనలు కనుక్కోక తప్పదు. మన దగ్గరికి వచ్చే విదేశీయులూ అంతే... ముందుగా ఢిల్లీకి దరఖాస్తు పెట్టుకుని అనుమతి పొందాలి.

ఓరుగల్లు ఏలిక మాట

పరాయి దేశం నుంచి వచ్చినవాడికి భరోసా ఇవ్వడం ఓరుగల్లుకు కొత్త కాదు. ఒకప్పుడు తుపానుకు ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకొస్తే, అందులోని సరుకంతా ఆ తీరాన్ని ఏలే రాజులు లాగేసుకునేవారు. కాకతీయ గణపతిదేవుడు ఆ పద్ధతికి స్వస్తి పలికాడు. ఇప్పటి బాపట్ల జిల్లాలోని మోటుపల్లి రేవులో 1244-45 ప్రాంతంలో అభయ శాసనం వేయించాడు. నిర్ణయించిన సుంకం తప్ప వర్తకుల సొమ్ము ముట్టుకోమన్నది దాని సారాంశం. రాతి మీద మాట ఇచ్చాడు కాబట్టే దూరదేశాల వర్తకులు ధైర్యంగా వచ్చారు. నేటి రేడియో ఒప్పందాల వెనకున్నదీ అలాంటి నమ్మకమే.

కాగితం సమయానికి అందితే...

ఇదంతా సరదా కోసమే అనుకుంటే పొరపాటే. ఓరుగల్లు నుంచి 140 కిలోమీటర్లు రైల్లో వెళితే హైదరాబాద్‌. హామ్‌ రేడియోకు సంబంధించి 1983లో మొదలైన జాతీయ సంస్థ ఎన్‌ఐఏఆర్‌ అక్కడిదే. ఆ సంస్థకు చెందిన భారతి ప్రసాద్‌ ప్రత్యేక అనుమతి సంపాదించి 2004 డిసెంబరులో బృందంతో అండమాన్‌ వెళ్లారు. దాదాపు రెండు దశాబ్దాలుగా అక్కడి నుంచి హామ్‌ల పలకరింపే లేదు. సొంత దేశపు దీవులే అయినా మామూలు లైసెన్సు సరిపోలేదు మరి! ఆమె గొంతు కోసం ప్రపంచమంతా చెవులు రిక్కించింది.

డిసెంబరు 26 ఉదయం సునామీ విరుచుకుపడింది. ఫోన్లు మూగబోయాయి. అప్పటిదాకా పలకరింపులకు వాడిన రేడియోనే ఆపద కబుర్లు మోసే వార్తాహరి అయింది. తమవాళ్లు క్షేమమేనా అని ప్రధాన భూభాగంలో అల్లాడుతున్న కుటుంబాలకు దాని ద్వారానే కబుర్లు అందాయి. అనుమతి కాగితం ఇంకో నెల ఆలస్యమై ఉంటే... ఆ రోజు ఆ రేడియో అక్కడ ఉండేదే కాదు.

రెండు వారాలైనా తిరగకముందే, 2005 జనవరి 8న, టాంపెరె ఒప్పందం అమల్లోకి వచ్చింది. విపత్తు వేళ సమాచార పరికరాలనూ, వాటిని నడిపేవాళ్లనూ సరిహద్దుల దగ్గర ఆపకుండా సాయపడాలన్నది దాని ఉద్దేశం. అదే ఏడాది మే 5న శ్రీహరికోట నుంచి హామ్‌శాట్‌ నింగికెగిసింది. అందులో మాటను అందుకుని తిరిగి పంపే పరికరాలు రెండు. ఒకటి మనవాళ్లు చేసింది, రెండోది నెదర్లాండ్స్‌ విద్యార్థి తయారుచేసింది. 2014 దాకా అది దేశదేశాల హామ్‌ల మాటలు మోసింది.

పై చదువులకు పిల్లల్ని విదేశాలకు పంపే ఇళ్లు ఓరుగల్లులో ఎన్నో. వాళ్లలో రేడియో మీద మక్కువ ఉన్నవాళ్లుంటే విమానం ఎక్కకముందే ఇక్కడి లైసెన్సు చేతికి తెచ్చుకోవడం మంచిది. అసలు కాగితం వెంట ఉంచుకోవాలి. వెళ్లే దేశపు నిబంధన ముందే చదువుకోవాలి.

కీర్తి తోరణానికి తలుపుల్లేకపోవచ్చు. కానీ అది నిలబడేది రెండు వైపులా స్తంభాలుంటేనే. దేశాల మధ్య ఒప్పందమూ అంతే!